డాక్టరు చేతి తొలి మాత్ర

కల్యాణ్ పేజీకి ఎన్ని లైకులు వస్తే నాకేం అని రోజూ అనుకుంటాను. అనుకుంటూనే రోజూ చూస్తాను. ఆ సోమవారం పొద్దున్న అయితే కాఫీ చల్లారిపోతున్నా ఫోను పక్కన పెట్టలేకపోయాను. నాలుగేళ్ళు నా దగ్గర పనిచేసినవాడు. సాఫ్ట్‌వేర్ పెళ్ళికొడుకు చెప్పే జీతంలో నిజమెంతో ఎలా ఆరా తీయాలి, పక్కింటివాళ్ళతో మాట ఎలా కలపాలి, అన్నీ నా దగ్గరే నేర్చుకున్నాడు. తర్వాత ఒక శుభముహూర్తాన నా క్లయింట్లని కూడా వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇవాళ బేగంపేటలో అద్దాల కేబిన్లో 'సైబర్ డిటెక్టివ్ కల్యాణ్'. నేను మాత్రం మారేడ్‌పల్లిలో టైలరు షాపు పైన, 'సత్యవేణి డిటెక్టివ్ ఏజెన్సీ' అన్న బోర్డు కింద, ఎక్కడి గొంగళి అక్కడే. కుళ్ళు లేదంటే అబద్ధమవుతుంది. ఉంది. కావలసినంత ఉంది.

కానీ ఆ పొద్దున్న నా చూపు లైకుల మీద ఆగలేదు. వీడు పెట్టిన వీడియోలో ఉన్నది మా ఫ్యామిలీ డాక్టరు రామ్మోహనరావు గారు.

వీడియో అర నిమిషం కూడా లేదు. డాక్టరు గారు నవ్వుతూ కెమెరా వైపు చూస్తున్నారు. ఎదురుగా కూర్చున్న విజయమ్మ అనే పెద్దావిడ అరచేతిలో ఒక మాత్ర పెట్టారు. ఆవిడ కళ్ళకద్దుకుని మింగింది. అంతే. వీడియో కింది భాగమంతా కప్పేస్తూ నల్లటి పట్టీ, దాని మీద పసుపు రంగులో కల్యాణ్ లోగో, 'ఈ చెయ్యి ప్రాణం పోసిందా, తీసిందా?' అన్న ప్రశ్న. శనివారం ఆ మాత్ర మింగి ఇంటికెళ్ళిన విజయమ్మ మధ్యాహ్నానికల్లా పూజగదిలో పడిపోయింది. ఆసుపత్రిలో చూస్తే రక్తంలో చక్కెర అడుగంటిపోయి ఉంది. ఆవిడకి షుగరు జబ్బు లేనే లేదు. లేని జబ్బుకి మాత్ర మింగించారన్నమాట. 'ఒంటిగంటకు పూర్తి సాక్ష్యాలతో మీ ముందుకు' అని రాశాడు కల్యాణ్.

అంతలో క్లినిక్ నుంచి నర్సు మేబెల్ ఫోన్ చేసింది.

"సత్యా, జల్దీ రామ్మా. బయట పబ్లిక్ జమైతున్నరు. డాక్టర్ మంచినీళ్ళు సుత తాగుతలేడు. ఒంటిగంటకి ఆ పోరడు ఇంకేదో పెడతాడంట. ఆయన బతుకు బజార్ల పడుతది."

ఏ.ఎస్. రావు నగర్‌లో ఆ క్లినిక్‌కి నేను వెళ్ళేసరికి గేటు దగ్గర పాతికమంది దాకా ఉన్నారు. ప్రతివాడి చేతిలో ఫోను, ప్రతి ఫోనూ తలుపు వైపే. లోపల కుర్చీలన్నీ ఖాళీ. మామూలు రోజున అక్కడ కూర్చోవాలంటే ఎవరైనా లేచేదాకా గోడకి ఆనుకుని నిలబడాలి.

డాక్టరు గారు బొబ్బిలి దగ్గర్నుంచి వచ్చి ఈ వీధిలో స్థిరపడి ముప్పై ఏళ్ళయింది. మా నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు స్కూటరు మీద రోజూ ఇంటికొచ్చి చూసిన మనిషి. ఆయన హస్తవాసి మంచిదని చుట్టుపక్కల ఒక నమ్మకం. ఎంత పెద్ద ఆసుపత్రిలో ఏ స్పెషలిస్టు రాసిన మందైనా సరే, కొని తిన్నగా ఇక్కడికి తెస్తారు. బల్ల మీద స్టీలు ట్రేలో పెడతారు. పాత మందైతే ఆయన చెయ్యి వేసి ఇచ్చేస్తారు. కొత్త మందైతే తొలి మాత్ర ఆయన చేత్తోనే ఇవ్వాలి. దీనికి ఫీజు లేదు. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, నా థైరాయిడ్ మాత్రలకి నేనూ చెయ్యి వేయించుకున్నాను.

"చెప్పండి డాక్టరు గారూ, శనివారం ఏం జరిగింది?"

"జరగడానికేటుందమ్మా. విజయమ్మ, కొడుకు, కోడలు ముగ్గురూ వచ్చారు. గుండెదడ తగ్గడానికి స్పెషలిస్టు కొత్త మాత్ర రాశాడట. తొలి మాత్ర నన్నిమ్మన్నారు. ఇచ్చాను."

"మాత్ర మీరే అట్టలోంచి తీశారా?"

"నేనే."

"అట్ట మీద పేరు చూశారా?"

ఆయన మేబెల్ వైపు చూశారు. మేబెల్ కిటికీ వైపు చూసింది.

"చూడకుండా ఇస్తానా?" అన్నారు డాక్టరు గారు.

ముప్పై ఏళ్ళుగా ఆ గొంతు వింటున్నాను. 'కొంచెం నొప్పి పుడుతుందంతే' అని సూది పొడిచేటప్పుడు ఆయన వాడే గొంతు అది. నమ్మలేదు. నమ్మలేదని చెప్పనూ లేదు.

"లేవండి. మీ కుర్చీలో నేను కూర్చోవాలి."

కూర్చున్నాను. ట్రే నా ఎడమ చేతి వైపు ఉంది. దాని వెనక గోడకి వంట గదిలాంటి చిన్న గదిలోకి దారి, దానికి తెర. రోగి కూర్చునే కుర్చీ ఎదురుగా. కుడివైపు బీరువా మీద సెల్ఫీ స్టిక్ ఒకటి ఆనించి ఉంది.

"ఇది ఎవరిది?"

"నాదే," అన్నారు డాక్టరు గారు, దొంగ సరుకు గురించి అడిగినట్టు.

"వీడియో ఎక్కడ నిలబడి తీశారు?"

"బీరువా పక్కన. విజయమ్మ కోడలు సృజన తీసింది. నా ఫోన్‌తోనే. నా పేజీలో పెడదామని నేనే తియ్యమన్నాను."

బీరువా వైపు తల తిప్పి నవ్వాను. ఎడమ చెయ్యి ట్రేలోకి చాపాను. చేతికి ట్రే తగిలింది గాని అందులో ఏముందో నాకు కనిపించలేదు. కెమెరా కేసి చూసే మనిషికి ట్రే కనపడదు. ట్రేని చూసే మనిషి కెమెరాకి నవ్వుతూ కనపడడు. వీడియోలో డాక్టరు గారు మొదటి నుంచి చివరిదాకా నవ్వుతూనే ఉన్నారు.

ఆ మాట ఎత్తేలోపు బయట గోల పెరిగింది. గేటు దగ్గర "అన్నా, అన్నా" అని అరుపులు. తలుపు తోసుకుని కల్యాణ్ వచ్చాడు, వెనక విజయమ్మ కొడుకు రాజేందర్. కల్యాణ్ చొక్కాకి కూడా లోగో కుట్టించుకున్నాడు. నన్ను చూసి ఆగాడు.

"మేడమ్! మీరు ఈ కేసులో ఉన్నారా? ఇంకా ఇంటింటికీ తిరిగి టీలు తాగే ఇన్వెస్టిగేషనేనా?"

నా దగ్గరున్న నాలుగేళ్ళూ నన్ను అక్కా అనేవాడు. మేడమ్ అంటే ఇంత చురుక్కుమంటుందని ఆ రోజే తెలిసింది.

"టీతోపాటు నిజాలు కూడా పోస్తార్రా. నీకు లైకులు తప్ప ఏం దొరుకుతాయి?"

"అమ్మా, మీ పంచాయితీ తర్వాత పెట్టుకోండ్రి," అన్నాడు రాజేందర్. రెండు రాత్రుళ్ళు నిద్రలేని కళ్ళు. "మా అమ్మ కండ్లు తెరుస్తది, మళ్ళ మూస్తది. గ్లూకోజ్ ఎక్కిస్తనే ఉన్నరు, షుగర్ పడిపోతనే ఉన్నది. ఈ సార్ చెయ్యి తగలంది మందేస్కోనని మొండికేసింది. గందుకే తీస్కొచ్చిన. ఏంది సార్ ఇది? ఏం పాపం చేసినం మీకు?"

డాక్టరు గారు బల్ల పక్కనున్న కుర్చీలో కూర్చున్నారు.

"నేను చెప్తాను," అన్నాడు కల్యాణ్. తన ఫోను తీసి నా ముందు పెట్టాడు. "కమలానగర్‌లో డాక్టర్ భానుప్రియ పాలీక్లినిక్ తెలుసు కదా? ఎండీ. సొంత యాప్ ఉంది, ఇంట్లో కూర్చుని వీడియోలో చూపించుకోవచ్చు. వాళ్ళ పేజీ కింద ఆరు నెలలుగా ఎవడో 'నిజాయితీ రోగి' అన్న పేరుతో విషం కక్కుతున్నాడు. 'ఈ అమ్మాయికి నాడి చూడ్డం రాదు, ఫోను చూడ్డమే వచ్చు' అట. ఆ అకౌంటు ఎవరిదో కనిపెట్టాను. అడగండి మీ డాక్టరు గారిని."

అడగక్కర్లేకపోయింది. డాక్టరు గారు తల దించుకున్నారు.

"నేనేనమ్మా," అన్నారు. "నా దగ్గర పుట్టిన పిల్లలు, నా దగ్గర పెరిగిన పిల్లలు, ఇవాళ దగ్గొస్తే ఆ యాప్‌లో చూపించుకుంటున్నారు. చూపించుకుని ఇక్కడికొచ్చి చెయ్యెయ్యమంటారు. మందు ఆ అమ్మాయిది, చెయ్యి నాది. వైద్యుణ్ణో, తాయెత్తులు కట్టేవాణ్ణో నాకే తెలీకుండా పోయింది. ఆ అమ్మాయి పేజీ చూసిన రోజున నాకు అన్నం సయించదు. కడుపు మండి రాశాను."

కల్యాణ్ నా వైపు విజయగర్వంతో చూశాడు. నిజం ఒప్పుకోవాలి, ఆ దొంగ అకౌంటు సంగతి నాకు దొరకలేదు. కనీసం వెతకాలని కూడా తోచలేదు. ఏకు మేకై కూర్చోవడమంటే ఇదే కాబోలు. నా కడుపులో మంట డాక్టరు గారి మంటకి తీసిపోలేదు.

"అదీ మోటివ్," అన్నాడు కల్యాణ్. "స్పెషలిస్టులు రాసిన మందు వికటిస్తే జనం మళ్ళీ ఈయన కాళ్ళ దగ్గరికే వస్తారు. అందుకే మాత్ర మార్చాడు. ఒంటిగంటకి ఇదంతా పెడుతున్నాను. పోలీసులు చూసుకుంటారు. మెడికల్ కౌన్సిల్ కూడా చూసుకుంటుంది. ఈయన ఇంక జన్మలో స్టెతస్కోపు పట్టుకోడు."

"మార్చిన మాత్ర ఏదీ? చూపించు."

రాజేందర్ జేబులోంచి ఒక చిన్న ఎర్ర జిప్పు పర్సు తీశాడు. అక్షయ తృతీయకి బంగారం కొన్నవాళ్ళకి నగల షాపువాళ్ళు ఇచ్చే పర్సు. లోపలి నుంచి మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. షుగరు మాత్రలు. తిరగేసి చూశాను. సగానికి పైగా గూళ్ళు ఖాళీ.

"రాజేందర్ గారూ, మీ అమ్మగారికి మందు ఎప్పుడు కొన్నారు?"

"శనివారం పొద్దుగాలనే. నేనే కొన్న. ఈడికి వచ్చే తొవ్వల."

"విడి మాత్రలా, పూర్తి అట్టా?"

"పూర్తి అట్ట. కొత్తది. పర్సుల నేనే పెట్టిన."

"మీ అమ్మగారు ఎన్ని వేసుకున్నారు?"

"ఒక్కటే గదా, గీడ గీ సార్ ఇచ్చిందే. శనివారం ఒక్కపొద్దు ఉంటది, ఇంట్ల ఏం తినలే. పగటీలి పడిపోయింది. ఇంకెప్పుడు వేస్కుంటది?"

"ఒక్క మాత్ర వేసుకుంటే అట్టలో ఒక్క గూడే కదా ఖాళీ కావాలి. మిగతావి ఎవరు మింగారు?"

రాజేందర్ అట్ట చేతిలోకి తీసుకుని చూశాడు. మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

కల్యాణ్ మాత్రం తొణకలేదు. "డాక్టరు అల్మారాలో వాడి పడేసిన శాంపిల్ అట్ట అయ్యుంటుంది."

"బీరువా తెరిచి చూసుకో. డాక్టరు గారు మందులు అమ్మడం మానేసి ఎన్నేళ్ళయిందో ఈ వీధిలో ఎవర్నడిగినా చెప్తారు. టీ తాగుతూ అడగాలి, అంతే."

వాడు నిజంగానే తెరిచాడు. బీపీ మిషను, దూది, పాత పత్రికలు, నెబ్యులైజరు, ఎమర్జెన్సీ ఇంజెక్షన్ల డబ్బా. షుగరు మాత్ర ఒక్కటి లేదు.

నేను నా హ్యాండ్‌బ్యాగులోంచి థైరాయిడ్ మాత్రలు తీశాను. అవీ ఎర్ర జిప్పు పర్సులోనే ఉన్నాయి. రెండు పర్సులూ పక్కపక్కన పెట్టి, అటూ ఇటూ మార్చి, రాజేందర్‌ని అడిగాను.

"మీ అమ్మగారి పర్సు ఏది?"

అతను చెయ్యి చాపి ఆపేశాడు. చెప్పలేకపోయాడు. మొన్నటి అక్షయ తృతీయకి ఈ కాలనీలో సగం ఇళ్ళు ఆ షాపు ముందే లైనులో నిలబడ్డాయి. గ్రాము కొన్నా ఆ పర్సే, కాసు కొన్నా ఆ పర్సే. మన ఇళ్ళలో అలాంటి పర్సు ఊరికే ఉంటుందా? మాత్రలో, రబ్బరు బ్యాండ్లో, తాళంచెవులో చేరతాయి.

"సిస్టర్, శనివారం ట్రేలో ఇలాంటివి ఎన్నున్నాయి?"

"మస్తుగుండె," అంది మేబెల్ నెమ్మదిగా. "అన్నీ ఎర్రవే."

డాక్టరు గారి వైపు తిరిగాను. ఈసారి గొంతు మెత్తగా పెట్టలేదు.

"ఇందాకటి ప్రశ్నే మళ్ళీ అడుగుతున్నాను. అట్ట మీద పేరు చూశారా?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"లేదమ్మా. కెమెరా వైపు చూశాను. పై పర్సు తీశాను, జిప్పు లాగాను, మాత్ర నొక్కాను. అంతా చేత్తోనే. ఆ భానుప్రియ రోగులతో ఫొటోలు పెడితే వందల లైకులు. నాకూ ఒకటి బాగా రావాలనుకున్నాను. ఈ వయసులో. అట్ట వైపు చూస్తే వీడియోలో బట్టతల పడుతుందని... ముప్పై ఏళ్ళలో చూడకుండా మందిచ్చింది ఆ ఒక్కసారే."

రాజేందర్ కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. "లైకుల కోసమా సార్?" అన్నాడు. అంతే అన్నాడు. కొట్టినా బాగుండేది.

"ఒప్పుకున్నాడు కదా!" కల్యాణ్ ఫోను ఎత్తాడు. "ఇంకోసారి చెప్పండి సార్, రికార్డు చేస్తాను."

"ఆగరా. పై పర్సు విజయమ్మగారిది కాకుండా ఇంకొకరిది ఎందుకయింది? అది కావాలి నాకు. డాక్టరు గారూ, అసలు వీడియో ఉందా? వీడు కత్తిరించి లోగో అంటించింది కాదు, మీ ఫోన్లో తీసింది."

"పేజీలోంచి తీసేశానమ్మా, తిట్లు భరించలేక. ఫోన్లో ఉంటుంది."

ఆయన ఫోను ఇవ్వడానికి ఎందుకు తటపటాయించారో గ్యాలరీ తెరిచాక తెలిసింది. భానుప్రియ పేజీ ఫొటోలే వరసగా. ఆవిడకి ఏ రోజు ఎన్ని లైకులు వచ్చాయో తెర మీదున్నది ఉన్నట్టు దాచుకున్నారు. నేను గబగబా కిందికి జరిపాను. నా ఫోన్లో కల్యాణ్ పేజీవి ఎన్నున్నాయో నాకు తెలుసు.

శనివారం వీడియో దొరికింది. పూర్తిది. కల్యాణ్ పెట్టినదానికంటే వెడల్పుగా, కిందిదాకా ఉంది. వాడి నల్ల పట్టీ ఉండే చోట బల్ల కనిపిస్తోంది, బల్ల మీద ట్రే, ట్రేలో ఎర్ర పర్సులు. డాక్టరు గారు నవ్వుతున్నారు. రాజేందర్ చెయ్యి వచ్చి ఒక పర్సు అన్నిటి మీదా పెట్టి వెళ్ళింది. ఆ తర్వాత ట్రే వెనక తెర కదిలింది. తెర సందులోంచి ఇంకో చెయ్యి వచ్చింది. ఆడమనిషి చెయ్యి, ముడతలు పడ్డది. పైనున్న పర్సుని వేలితో పక్కకి తోసి, దాని స్థానంలో తన పర్సు పెట్టి మాయమైంది. ఆ మరుక్షణం డాక్టరు గారి చెయ్యి వచ్చి ఆ పై పర్సే తీసుకుంది.

ఎందుకు తోసిందో ఈ కాలనీ మనిషికి చెప్పక్కర్లేదు. ట్రేలో పైనున్నదానికి ముందు చెయ్యి పడుతుంది. ముందు పడిన చేతికి బలమెక్కువని ఆడవాళ్ళ నమ్మకం. ఆ బోణీ కోసం ఈ గదిలో చూపులతో జరిగే యుద్ధాలు నేను చాలా చూశాను.

వీడియోని ఆ చేతి మీద ఆపి, వేళ్ళతో పెద్దది చేశాను. ముంజేతి మీద పచ్చబొట్టు. తేలు బొమ్మ. కొండి కొద్దిగా వంకర.

ఆ చెయ్యి నాకు తెలుసు. నాలుగేళ్ళపాటు మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కి, కొడుక్కి వడ్డిస్తూ నాకూ వడ్డించిన చెయ్యి. అలాంటి చేపల పులుసు నేను మళ్ళీ తినలేదు. క్లయింట్లతోపాటు అది కూడా కల్యాణ్ వెంటే పోయింది.

"ఈ చెయ్యి ఎవరిదో చెప్పరా," అని ఫోను వాడి ముందు పెట్టాను.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు సంబరంగా ఉంది. ఊరంతా వేల మంది చూసిన వీడియోలో అసలు సాక్ష్యాన్ని వీడి లోగోయే కప్పేసింది. వీడి ముఖం ఎలా మాడుతుందో చూడాలని కళ్ళు పెద్దవి చేసుకుని మరీ చూశాను.

కల్యాణ్ ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"కాదు. మా అమ్మ ఇక్కడికి రాదు. అమ్మకి మందులన్నీ భానుప్రియ గారి యాప్‌లోనే. నేనే అన్నీ సెట్ చేశాను."

"నెలనెలా వస్తది బాబూ," అంది మేబెల్. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "ఎనక గల్లీలోంచి. తెర ఎనక నిలబడుతది. టోకెన్ సుత తీస్కోదు. 'నూకరత్నం ఇక్కడికొచ్చిందని మా కల్యాణ్‌కి తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడు, చెప్పకమ్మా' అని నాతోని ఒట్టేయించుకుంది. శనివారం నువ్వు ఆఫీసు పోంగనే వచ్చింది. అందరూ తమవి తీస్కపోయినంక మిగిలిన ఎర్ర పర్సు తీస్కపోయింది."

"అయితే ఆ షుగరు మాత్రలు..." రాజేందర్ లేచి నిలబడ్డాడు.

"నూకరత్నం గారివి. వాడుతున్నవి. అందుకే సగం ఖాళీ." నేను ఇంకా కల్యాణ్ ముఖమే చూస్తున్నాను. "మీ అమ్మగారి పర్సు ఆవిడ దగ్గరుంది."

వెనక కుర్చీ పడిన చప్పుడైంది. డాక్టరు గారు నిలబడి ఉన్నారు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"రాజేందర్, ఆ గుండెదడ మాత్ర పేరేటి?"

రాజేందర్ చెప్పాడు.

"నూకరత్నానికి ఉబ్బసం," అన్నారు డాక్టరు గారు. "ఇరవై ఏళ్ళపాటు నేనే చూశాను. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆ మాత్ర ఇవ్వకూడదు. ఊపిరితిత్తులు బిగుసుకుపోతాయి. పీల్చే మందు కూడా సరిగ్గా పనిచెయ్యదు. శనివారం నుంచి వేసుకుంటోందంటే..."

నా సంబరం ఎటు పోయిందో తెలియదు.

"అట్ట మారిందని చూసుకోదా?" అన్నాడు కల్యాణ్. పసివాడు అడిగినట్టు అడిగాడు.

"నేను చెయ్యేసిన పర్సులోది ఏదైతే అది వేసుకుంటుంది నాయనా," అన్నారు డాక్టరు గారు. "చూసుకునేవాళ్ళైతే నా దగ్గరికెందుకొస్తారు?"

కల్యాణ్ ఫోను తీశాడు. తెర నిండా లైకులు, కామెంట్లు, అభినందనలు. వాట్సాప్‌లో అమ్మ పేరు పైన ఎక్కడా లేదు. కిందికి జరుపుతూ పోయాడు.

"మ్యూట్‌లో పెట్టాను," అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "రోజూ దేవుడి బొమ్మలు, గుడ్ మార్నింగులు పంపిస్తుందని..."

ఆ పొద్దుటి దేవుడి బొమ్మ లేదు. ఒక వాయిస్ మెసేజ్ ఉంది. నేనే నొక్కాను. మొదట ఊపిరి పీల్చే చప్పుడు, పాత తలుపు కీచుమన్నట్టు. తర్వాత మాటలు.

"ఒరే కల్యానూ... నానా... రాత్రి కాణ్ణుంచి ఆయాసంగా ఉందిరా. ఊపిరందట్నేదు. నువ్వు పన్లో ఉంటావు, కంగారుపడకు. నీకు సెప్పనేదు గానీ... శనారం మన డాట్రుగారి సేత మందుకి సెయ్యేయించుకొచ్చేను. ఇందాకే ఒకటి ఏసుకున్నాను. తగ్గకపోతే... ఇంకోటి ఏసుకుంటాను. ఆ సెయ్యి తగిలింది కదా... తగ్గిపోద్దిలే."

మెసేజ్ వచ్చి చాలాసేపయింది. కల్యాణ్ ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు.

డాక్టరు గారు అప్పటికే నెబ్యులైజరు చంకన పెట్టుకుని, ఇంజెక్షన్ల డబ్బా లాక్కుని తలుపు దాటేశారు. "వాళ్ళిల్లు మౌలాలిలోనే కదా, ఎంత దూరం, పది నిమిషాలు! అంబులెన్స్‌కి చెప్పు మేబెల్, నేను ముందు పోతాను," అని అరుస్తున్నారు. నేనూ కల్యాణ్ ఆయన వెనకే పరిగెత్తాం.

గేటు దగ్గర ఒక్కసారిగా ఫోన్లన్నీ లేచాయి.

"డాక్టర్ పారిపోతుండు! పట్టుకోండ్రి!"

ఇందాకటి పాతికమంది ఇప్పుడు వందమంది అయ్యారు. ఎవరో డాక్టరు గారి చేతిలో డబ్బా లాగారు. అది కింద పడింది. గేటుకి అడ్డంగా రెండు బైకులు పెట్టేశారు. కల్యాణ్ "వదలండి, దారివ్వండి" అని గొంతు చించుకుంటున్నాడు. ఆ గోలలో వినపడితే కదా. వాడి చెవి దగ్గర ఆనించుకున్న ఫోను అలా మోగుతూనే ఉంది.

ముందున్న కుర్రాడు వాడి చొక్కా మీది లోగో చూసి, దగ్గరికొచ్చి, ఆనందంగా చెయ్యి కలిపాడు.

"అన్నా, నువ్వు ఫికర్ చెయ్యకు. పొద్దుగాల నుంచి గీడనే ఉన్నం. ఈయన్ని గేటు దాటనియ్యం."